తుఫాను రాత్రి సీన్‌కి 14 లైట్లు పెట్టాను, అయినా ఆ రాత్రి రావడం లేదు. ఎక్కడ తప్పు?

వంశధార_ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది కళింగపట్నం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే బ్లెండర్ (కంప్యూటర్‌లో 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను, రెండేళ్లయింది. ఇప్పుడు నిమిషంన్నర సీన్ ఒకటి చేస్తున్నాను. కథ చాలా చిన్నది. తుఫాను రాత్రి, కరెంటు లేదు, వేటకెళ్లిన కొడుకు ఇంకా ఇంటికి రాలేదు, మామ్మ అరుగు మీద లాంతరు పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుంటుంది. మాటలేం ఉండవు.

ఇది నేను కళ్లారా చూసిన రాత్రి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ముందు రాత్రి నుంచే మా వైపు గాలి హోరు. అప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నాను. మా చిన్నాన్న తెప్ప బారువలో ఒడ్డెక్కిందని మాకు మర్నాటి వరకూ తెలీదు, ఫోన్లు లేవు. ఆ రాత్రంతా మామ్మ పక్కనే కూర్చున్నాను. ఆ లాంతరు, ఆ చీకటి ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. తెర మీదికి మాత్రం రావడం లేదు.

ఏమేం పెట్టానో చెప్తాను. తాటాకు ఇల్లు, అరుగు, వలలు, తెడ్లు, కుండలు, 30 కొబ్బరి చెట్లు గాలికి ఊగేలా, సముద్రానికి సిమ్యులేషన్ (అలల కదలికని కంప్యూటరే లెక్కగట్టడం), వానకి పార్టికల్స్ (చిన్న చిన్న చుక్కలు). లైట్లు మొత్తం 14. లాంతరుకి ఒకటి, మామ్మ మొహానికి మూడు, వెన్నెలకి ఒకటి, చెట్ల వెనక నాలుగు, మిగతావి ఇంటి లోపలా వలల మీదా. సైకిల్స్‌లో (బ్లెండర్‌లో తుది బొమ్మని లెక్కగట్టే భాగం, ఆ పనినే రెండర్ అంటారు) ఫ్రేముకి 11 నిమిషాలు పడుతోంది. సెకనుకి 24 చొప్పున 2160 ఫ్రేములు, అంటే లాప్‌టాప్ ఆపకుండా నడిస్తే పదహారు రోజుల పైన. నా గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ.

ఒక ఫ్రేము మామ్మకి చూపించాను. కాసేపు చూసి, "ఏటిరా ఇది, ఇంత ఎలుగుంటే మరి లాంతరెందుకు?" అంది. అప్పట్నుంచి ఫైలు తెరవబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, ఎక్కడి నుంచి సరిచెయ్యాలి?

గంటస్తంభం

తమ్ముడూ, నాది విజయనగరం, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో లైటింగ్ పనే చేస్తున్నాను. మీ మామ్మగారు ఒక్క మాటలో చెప్పేశారు, నేను చెప్పబోయేది అదే మాటకి వివరం.

ముందు 14 లైట్లూ ఆపెయ్. డిలీట్ చెయ్యకు, ఆపు చాలు. వరల్డ్ బ్యాక్‌గ్రౌండ్ (సీన్ చుట్టూ ఆకాశంలా వచ్చే వెలుగు) కూడా సున్నా చెయ్. తెరంతా నల్లగా అవుతుంది, కంగారు పడకు. ఇప్పుడు లాంతరు ఒక్కటే వెలిగించు. ఆ తర్వాత ఏ లైటు వెలిగించాలనిపించినా ఒకటే ప్రశ్న వేసుకో: ఈ వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? లాంతరు నుంచా, మెరుపు నుంచా, ఆకాశం నుంచా? జవాబు లేకపోతే ఆ లైటు అక్కర్లేదు. నువ్వు మొహానికి పెట్టిన మూడు లైట్లు ఫొటో స్టూడియో పద్ధతి, ఆ అరుగు మీద అవి ఎక్కడివి? చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో అబద్ధం ఉందని మనసుకి తెలిసిపోతుంది.

లాంతరు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నీ సీనంతా దాని మీదే నిలబడాలి. ఇంట్లో పాతది ఉంటే ఈ రాత్రే వెలిగించి, మిగతా లైట్లన్నీ ఆపి, దాని ముందు పావుగంట కూర్చో. దీపం కింద చీకటి అని మనం సామెతగా అంటాం గానీ లాంతరు దగ్గర అది కళ్లకి కనిపించే సంగతి. కింద కిరోసిన్ డబ్బా వెడల్పుగా ఉంటుంది కాబట్టి లాంతరు చుట్టూ నేల మీద ఒక నల్లటి గుండ్రం పడుతుంది, వెలుగు దాని అవతల నుంచి మొదలవుతుంది. రెండు పక్కలా పైకి వెళ్లే తీగలు ఉంటాయి కదా, వాటి నీడలు గోడ మీద రెండు పొడుగాటి గీతలుగా పడతాయి. గాలికి లాంతరు కొంచెం కదిలితే చాలు, ఆ గీతలు గోడంతా ఊగుతాయి. చూసేవాళ్లకి గాలి ఎంత ఉందో ఆ రెండు గీతలే చెప్పేస్తాయి. 30 కొబ్బరి చెట్ల పని అవి చేస్తాయి.

బ్లెండర్‌లో ఇది రావాలంటే పాయింట్ లైటు (ఒక చోటు నుంచి అన్ని వైపులా వెలిగే లైటు) రేడియస్ ఒక సెంటీమీటరు దగ్గర ఉంచు, వత్తి మంట అంతే ఉంటుంది కాబట్టి. 10 సెంటీమీటర్లు పెడితే నీడల అంచులన్నీ కరిగిపోతాయి, తీగల నీడ అసలు కనపడదు. రంగు చేత్తో ఎంచుకోకుండా బ్లాక్‌బాడీ నోడ్ (ఉష్ణోగ్రత చెప్తే దానికి తగ్గ వెలుగు రంగు ఇచ్చేది) పెట్టి 1900 కెల్విన్ దగ్గర మొదలుపెట్టు, మంట వెలుగు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఒక పెద్ద చిక్కుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. లాంతరు గ్లాసుకి గ్లాస్ షేడర్ (గాజులా కనిపించే మెటీరియల్) పెడితే సైకిల్స్‌లో లోపలి లైటు సరిగ్గా బయటికి రాదు, వచ్చినా చుక్కలు చుక్కలుగా వస్తుంది. నువ్వు బయట అదనంగా లైట్లు పెట్టడానికి అదే కారణమేమో చూసుకో. ఆ గ్లాసు ఆబ్జెక్టుకి రే విజిబిలిటీలో షాడో టిక్కు తీసెయ్, అంటే ఆ గ్లాసు నీడ వెయ్యదు, సమస్య పోతుంది.

ఇంకొకటి. వెలుగు దూరంతో ఎంత వేగంగా పడిపోతుందో గుర్తుంచుకో. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. లాంతరు మామ్మ మొహానికి అర మీటరు దూరంలో ఉండి, వెనక గోడ రెండు మీటర్లలో ఉంటే గోడకి అందేది పదహారో వంతు. అంటే చీకటిని మనం తయారుచెయ్యక్కర్లేదు, లాంతరుని దగ్గరికి జరిపితే వెనకదంతా దానంతటదే చీకట్లోకి వెళ్లిపోతుంది. లాంతరు ఎక్కడ పెట్టాలన్నదే ఈ సీన్‌లో నీ అసలు పని. నేల మీద పెడితే వెలుగు గడ్డం కింద నుంచి కొట్టి మామ్మ భయపెట్టేలా కనిపిస్తుంది. చూరుకి వేలాడదీస్తే కళ్ల గుంటల్లో నీడ పడి చూపు పోతుంది. పక్కన పీట మీద, భుజం ఎత్తుకి కొంచెం కిందగా పెట్టి చూడు. సగం మొహం వెలుగులో, సముద్రం వైపు సగం చీకట్లో.

బొబ్బిలి_ఫ్రేమ్స్

పైన అన్నయ్య చెప్పినదంతా సరే గానీ ఒక జాగ్రత్త. మీరు చీకటి గదిలో మానిటర్ ముందు కూర్చుని లైటింగ్ చేస్తారు, చూసేవాళ్లు మధ్యాహ్నం బస్సులో ఫోన్‌లో చూస్తారు. ఒక్క లాంతరు మాత్రమే ఉంచితే వాళ్లకి నల్ల తెర మధ్యలో పసుపు చుక్క తప్ప ఏమీ కనిపించదు. నాకు ఇదే జరిగింది. బాగా వచ్చిందనుకున్న సీన్ అప్‌లోడ్ చేస్తే చీకటంతా గళ్లు గళ్లుగా విరిగిపోయింది.

అందుకని ఆకాశానికి చాలా కొద్దిగా, నీలం కలిసిన బూడిద రంగు ఉంచండి. ఆకాశానికీ ఇంటి కప్పుకీ మధ్య గీత కనిపించేంత, అంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ వద్దు. ఫైనల్ చేసే ముందు ఒక ఫ్రేము ఫోన్‌కి పంపుకుని, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఎండలోకి వెళ్లి చూడండి. మామ్మ ఆకారం తెలిస్తే చాలు.

ఆ గళ్లూ చారల సంగతి: 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, చీకటి సీన్‌లో వాటిలో కిందివి కొన్నే వాడతాం కాబట్టి పొగమంచు లాంటి మెత్తని చోట చారలు పడతాయి. రెండర్ ఇంకా ఎక్కువ మెట్లుండే 16 బిట్ పీఎన్‌జీ గానీ ఈఎక్స్ఆర్ గానీ తీసి, చివర్లో కంటికి తెలీనంత గ్రెయిన్ (సన్నటి ఇసక లాంటి చుక్కలు) కలపండి, చారలు విడిపోతాయి. యూట్యూబ్‌కి 1080 రిజల్యూషన్‌లో చేసినదాన్ని 1440కి పెంచి అప్‌లోడ్ చేస్తే చీకటి తక్కువ పాడవుతుంది.

గంటస్తంభం

ఫోన్ పరీక్ష తప్పకుండా చెయ్యాలి, ఒప్పుకుంటాను. నీలం విషయంలో మాత్రం జాగ్రత్త. తుఫాను రాత్రి వెన్నెల ఉండదు, మబ్బే. సినిమాల్లో రాత్రంటే నీలం అని అలవాటైపోయి చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. బూడిద రంగుతో మొదలుపెట్టి చూడు తమ్ముడూ, లాంతరు నారింజ పక్కన మామూలు బూడిదే కంటికి చల్లగా, కాస్త నీలంగా కనిపిస్తుంది.

తెల్లపిండి_గీత

తమ్ముడూ, నేను 2డీ చేస్తాను, పిల్లల పుస్తకాలకి బొమ్మలు కూడా వేస్తాను. మాది పాలకొండ వైపు. లైట్ల గురించి వాళ్లు చెప్పారు, నేను వస్తువుల గురించి చెప్తాను.

సీతంపేట వైపు సవర గిరిజనుల ఊళ్లలో గోడ బొమ్మలు ఎప్పుడైనా చూశావా? ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. మనిషంటే రెండు త్రికోణాలు, చుక్కంత తల, పుల్లల్లాంటి చేతులు కాళ్లు. కళ్లు లేవు, ముక్కు లేదు. అయినా ఎవరు నాట్యం చేస్తున్నారో, ఎవరు బరువు మోస్తున్నారో, ఎవరు చెట్టెక్కుతున్నారో దూరం నుంచే తెలిసిపోతుంది. నేను బొమ్మలు నేర్చుకున్నది కాలేజీలో, కానీ ఏది వదిలెయ్యాలో నేర్చుకున్నది ఆ గోడల ముందు నిలబడే. నడుం వంపు ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు.

నీ మామ్మని కూడా అలా చూడు. తెరంతా నలుపు చేసి ఆమెని తెల్లటి మచ్చలా పెట్టు. ఎదురుచూస్తున్న ముసలామె అని తెలుస్తోందా? వీపు కొంచెం ముందుకి వంగాలి, మోకాళ్ల మీద చేతులు, మెడ మాత్రం ఎత్తి ఉండాలి. అది తెలిసేదాకా మొహంలో ముడతల జోలికి వెళ్లకు.

తర్వాత, ఏ సాఫ్ట్‌వేరూ తెరవకుండా అగ్గిపెట్టంత చిన్న పెట్టెలు కాగితం మీద ఒక ఇరవై గీసుకో. పెన్సిల్‌తో మూడే రంగులు: నలుపు, బూడిద, కాగితం తెలుపు. తెలుపు ఒక్క చోటే ఉండాలి. నలుపు అన్నిటికంటే ఎక్కువ ఉండాలి. అగ్గిపెట్టంత సైజులో చూసినప్పుడు నీ గుండెకి ఏదైనా తగిలితే ఆ ఫ్రేము తీసుకో. లేకపోతే ఎంత మోడలింగ్ చేసినా అది నిలబడదు. ఇప్పుడున్న నీ ఫ్రేముని కూడా బ్లాక్ అండ్ వైట్ చేసి, కళ్లు చికిలించి చూడు. అంతా ఒకే బూడిదగా ఉంటుందని నా నమ్మకం.

కుండలు, తెడ్లు, వలలు అన్నీ తీసెయ్. ఒక్కటి ఉంచు. నేనైతే ఖాళీ కొక్కెం ఉంచుతాను, రోజూ వల తగిలించే కొక్కెం. వల లేదంటే మనిషి సముద్రంలో ఉన్నాడని అర్థం. కొబ్బరి చెట్లు 30 వద్దు, రెండు చాలు, అవి కూడా కత్తిరించిన నల్ల కాగితంలా, ఆకాశం మీద నీడగా. దూరంగా ఉన్న చెట్టు ఆకాశం రంగుకి కొంచెం దగ్గరగా ఉండాలి, దగ్గరిది కటిక నలుపు. ఆ తేడా ఒక్కటే మధ్యలో ఎంత తడిగాలి ఉందో చెబుతుంది.

నాగావళి_పంతులు

బాబూ, నాకు కంప్యూటర్ బొమ్మల పని తెలియదు. ముప్పై ఏళ్లు బడి నాటకాలు వేయించాను, అందుకని రాస్తున్నాను.

మన తూర్పు భాగవతం (ఉత్తరాంధ్ర వీధి నాటకం) పాత రోజుల్లో ఎలా ఆడేవారో మా తాతగారు చెప్పేవారు. కరెంటు లేని కాలం. కాగడా పట్టుకున్న మనిషి వేషం పక్కనే నడిచేవాడట. సత్యభామ ఎటు తిరిగితే కాగడా అటు. వేషం ప్రవేశించే క్షణంలో కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచి, ఒక్క క్షణం కిరీటం, మొహం, కళ్లు మెరిసి మళ్లీ చీకటయ్యేది. చూసినవాళ్లకి ఆ ఒక్క క్షణం ఏళ్ల తరబడి గుర్తుండేది. రాత్రంతా అలాగే మండితే ఎవరికీ గుర్తుండేది కాదు.

అరసవల్లి సూర్యదేవాలయం కూడా అంతే. మార్చిలో, అక్టోబరులో ఆ కొద్ది రోజులు ఉదయాన్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ ఎండ బయట వీధి మీదా పడుతుంది, అక్కడెవరూ ఆగి చూడరు. గర్భగుడి చీకటిగా ఉంది కాబట్టే ఆ కిరణం దర్శనమవుతోంది.

మీ కళింగపట్నంలో లైట్‌హౌస్ ఉంది కదా. నీ కథలో అదెందుకు లేదు?

వంశధార_ఒడ్డు

పంతులుగారూ, మీ చివరి మాట చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను. చిన్నప్పటి నుంచి రోజూ చూస్తున్నదే, ఎందుకో దాన్ని సీన్‌లో పెట్టాలని తట్టలేదు.

తెల్లపిండి అక్కా, నిన్న రాత్రి కూర్చుని ఇరవై పెట్టెలు గీశాను, పదిహేడోది తీసుకున్నాను. కొక్కెం ఉంచాను. గంటస్తంభం అన్నా, లాంతరు గ్లాసు దగ్గర మీరు చెప్పిందే జరిగింది, షాడో టిక్కు తియ్యగానే ఇల్లంతా వెలిగింది, నాకు చేతులు వణికాయి.

రెండు అనుమానాలు. వాన ఎలా? పార్టికల్స్ లక్షల్లో పెట్టినా కనిపించడం లేదు. రెండోది, పొగమంచుకి వాల్యూమ్ (గాలి నిండా మంచు నింపే పద్ధతి) పెడితే కార్డు మోయలేకపోతోంది.

గంటస్తంభం

వాన చుక్క గాజు లాంటిది. వెలుగు మన వైపు నుంచి పడితే కనిపించదు, దాని వెనక నుంచి మన వైపుకి వస్తేనే మెరుస్తుంది. కాబట్టి కెమెరాకీ లాంతరుకీ మధ్యలో, చూరు అంచు దగ్గర మాత్రమే కొన్ని వందల చుక్కలు పెట్టు. మిగతా ఊరంతా వాన పడక్కర్లేదు. చూరు నుంచి కారే ధారలు నాలుగైదు, అంతే. అరుగు ముందు నేల తడిగా ఉందని చెప్పాలంటే ఆ మట్టి రంగుని కొంచెం ముదురు చేసి రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించు, లాంతరు నేలలో ఇంకోసారి కనిపిస్తుంది. దాన్ని పూర్తి అద్దంలా చెయ్యకు, గుంటలున్న చోటే మెరవాలి.

వాల్యూమ్ మొత్తం తీసెయ్. మిస్ట్ పాస్ (దూరాన్ని బట్టి మసక చూపే పొర) ఆన్ చేసి కంపోజిటర్‌లో (రెండరైన పొరల్ని కలిపే చోటు) కలుపు, దాదాపు ఖర్చు లేదు. సముద్రం దగ్గర రెండు మూడు పారదర్శకమైన ప్లేన్లు (పలుచటి పలకలు) నిలబెట్టి మెత్తటి నాయిస్ (మచ్చల తీరు) ఇస్తే తుంపర వచ్చేస్తుంది. సముద్రానికి సిమ్యులేషన్ కూడా అక్కర్లేదు తమ్ముడూ, చీకట్లో తెల్ల నురగ గీత ఒకటి వచ్చి వెళ్తే చాలు, మిగతాది హోరు చూసుకుంటుంది. సౌండ్ మీ ఊళ్లోనే రికార్డు చేసుకో, ఇంటర్నెట్‌లో దొరికే అలల చప్పుడు మన సముద్రంలా ఉండదు.

మంట కదలికకి ప్రతి ఫ్రేముకీ చేత్తో విలువలు (కీలు) పెట్టకు. లైటు స్ట్రెంత్ కర్వ్‌కి నాయిస్ మాడిఫయర్ (విలువని దానంతటదే అటూ ఇటూ కదిపేది) పెట్టి, ఆ మాడిఫయర్ స్కేల్ పెంచి, దాని స్ట్రెంత్ చాలా తగ్గించు. గ్లాసు లోపలి మంట ప్రమిదలా టపటపలాడదు, మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు పెరిగి తగ్గుతుంది, గాలి బాగా తోసినప్పుడు మాత్రం ఒక్కసారి ఎగుస్తుంది. నిమిషంన్నరలో ఆ ఎగసిపాటు రెండుసార్లు చాలు.

బొబ్బిలి_ఫ్రేమ్స్

రెండర్ వీడియోగా కాకుండా ఇమేజ్ సీక్వెన్స్‌గానే (ఒక్కో ఫ్రేము విడి బొమ్మగా) తియ్యండి. మధ్యలో కరెంటు పోతే ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. వీడియో ఫైలైతే మొత్తం పోతుంది.

వంశధార_ఒడ్డు

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఇప్పుడు లైట్లు మూడే: లాంతరు, ఆకాశం బూడిద, లైట్‌హౌస్. ఫ్రేముకి 2 నిమిషాలు. అంటే మొత్తం మూడు రోజులు.

మొన్న సాయంత్రం బీచ్‌కి వెళ్లి చీకటి పడేదాకా కూర్చుని, లైట్‌హౌస్ వెలుగుకీ వెలుగుకీ మధ్య ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో చూసుకుని అదే టైమింగ్ సీన్‌లో పెట్టాను. మొదట ప్రతి వెలుగూ చూపించాను, బాగోలేదు. ఇప్పుడు మిగతావి మబ్బులో మసకగా పోతాయి, రెండు మాత్రమే స్పష్టంగా పడతాయి. మొదటిదానికి నురగ గీత, ఖాళీ ఇసుక. చివరిదానికి అదే నురగ, అదే ఇసుక, దాని మీద తెప్ప ముక్కు. మామ్మ లేవడం చూపించలేదు, చెయ్యి మోకాలి మీద నుంచి నేల మీదికి దిగడం వరకే ఉంచాను.

సీన్ మామ్మకి చూపించాను. పది సెకన్లు కూడా చూడలేదు, "లాంతరు చూరంచున పెట్టీసినావేటిరా, వాన సుక్క పడితే గలాసు టప్పున పగిలిపోద్ది, లోనకి జరుపు" అంది. వేడెక్కిన గ్లాసు మీద చన్నీళ్లు పడితే నిజంగానే పగులుతుంది. మేమెవరం అది ఆలోచించలేదు. ఆ రాత్రి లాంతరు ఎక్కడ పెట్టావు మామ్మా అని అడిగితే, గుమ్మం లోపల, తలుపు వారగా పెట్టానంది.

దాంతో లాంతరుని గుమ్మం లోపలికి తీసుకెళ్లాను. ఇప్పుడు వెలుగు వారగా తెరిచిన తలుపు సందులోంచి అరుగు మీదికి ఒక్క చారలా పడుతోంది. మామ్మ ఆ చారకి అడ్డంగా కూర్చుంది. మొహం అసలు కనిపించడం లేదు, జుట్టు అంచు, చెవి కమ్మ మాత్రం వెలుగుతున్నాయి, ఆమె నీడ మెట్లు దిగి ఇసుక మీదికి వెళ్తోంది. తీగల నీడలు కూడా ఆ చారలోనే కదులుతున్నాయి. అన్నా, చూరు దగ్గర వాన ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తోంది, లాంతరు పూర్తిగా దాని వెనక్కి వెళ్లింది కదా. పదిహేడో పెట్టె పోయింది అక్కా, ఇరవై ఒకటోది గీసుకున్నాను. ఈ రాత్రి రెండర్‌కి పెడుతున్నాను.